టాక్రోలిమస్ ఆపేది దేన్ని? టి కణంలో జన్యువులు పలికే తీరు

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి చదువుకు సంబంధించింది. ఒంట్లోని కణాలన్నిట్లోనూ ఉండేది ఒకే డీఎన్‌ఏ, ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువులను పలికించే, అంటే వాటి ప్రోటీన్లు తయారయ్యేలా చేసే ప్రోటీన్) కూడా దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది, మరి అదే ఫ్యాక్టర్ సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లో ఒక రకం జన్యువులను, యాంటీబాడీలు చేసే బి కణంలో ఇంకో రకం జన్యువులను ఎలా పలికిస్తుంది? రెండోది ఇంటికి సంబంధించింది. మూడేళ్ల కిందట చెన్నైలో మీ నాన్నగారికి కిడ్నీ మార్చారు. ఆయన రోజూ వేసుకునే టాక్రోలిమస్ ఎన్‌ఫాట్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కు అడ్డు పడుతుందని మీ పాఠంలో వచ్చింది. అలాగైతే ఆయన ఒంట్లో జన్యువులన్నీ మూగబోతాయేమోనని మీకు బెంగ పట్టుకుంది.

ముందు ఇంటి సంగతి. ఆ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, డాక్టరుగారు చెప్పకుండా మోతాదు మార్చకూడదు. మీరు భయపడుతున్నట్టు జన్యువులన్నీ మూగబోవు. ఎందుకు మూగబోవో అర్థమైతే మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఇక్కడే, బెంగళూరులో యలహంక వైపు ఉన్న ఒక ల్యాబులో టి కణాల మీద, అంటే పరాయివాటిని గుర్తుపట్టి ఎదిరించే రక్షణ కణాల మీద, పనిచేస్తున్నాను. అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చే పిల్లలు చాలామంది మీలాగే ‘ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటే స్విచ్’ అన్న మాట పట్టుకుని వస్తారు. తొలిరోజు పాఠానికి ఆ మాట చాలు. కానీ గదిలో స్విచ్ ఎవరు నొక్కినా అదే బల్బు వెలుగుతుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ దగ్గర అలా జరగదు. అది కేంద్రకంలోకి వచ్చే వేళకు ఆ కణంలో ఏ తలుపులు తెరిచి ఉన్నాయి, పక్కన తోడు ఎవరున్నారు, దాన్ని ఎంతసేపు లోపల ఉండనిస్తారు అన్న వాటిని బట్టి ఏ జన్యువు పలకాలో తేలుతుంది. అందుకే ‘ఈ ఫ్యాక్టర్ ఏం చేస్తుంది’ అని ఎవరైనా అడిగితే, ‘ఏ కణంలో, ఎవరితో కలిసి, ఎంతసేపు?’ అని నేను తిరిగి అడుగుతాను.

చిన్న లెక్క వేద్దాం. మన జీనోమ్‌లో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. అందులో 1,600 దాకా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లవే. అంటే ప్రతి పన్నెండు, పదమూడు జన్యువుల్లో ఒకటి మిగతావాటి మీద అజమాయిషీ కోసమే ఉందన్నమాట. ఒక్కో ఫ్యాక్టర్ డీఎన్‌ఏ మీద వెతుక్కునే మాట చాలా చిన్నది, మామూలుగా ఆరు నుంచి పన్నెండు అక్షరాలు. నాలుగే అక్షరాలున్న భాషలో ఒక ఆరక్షరాల మాట సగటున 4,096 అక్షరాలకు ఒకసారి ఊరికే తగులుతుంది. జీనోమ్ పొడవు 300 కోట్ల అక్షరాలు. కాబట్టి ఆ మాట ఏడు లక్షలకు పైగా చోట్ల రాసి ఉంటుంది. అయినా ఏ కణంలో కొలిచి చూసినా ఆ ఫ్యాక్టర్ కూర్చునేది కొన్ని వేల చోట్ల, మహా అయితే కొన్ని పదివేల చోట్ల. మిగతావి దానికి అందవు.

అందకపోవడానికి కారణం మడత. రెండు మీటర్ల డీఎన్‌ఏ మీటరులో లక్షో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమడాలి. అందుకని అది హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ, ఒక్కో చుట్టకు 147 అక్షరాల చొప్పున చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టనే న్యూక్లియోజోమ్ అంటాం. మడతపెట్టి బీరువాలో పెట్టిన పట్టుచీర అంచు మీద హంసలున్నాయో మామిడిపిందెలున్నాయో బయటనుంచి చూస్తే తెలియదు కదా, ఇదీ అంతే. మాట అక్కడే ఉంటుంది, చదివేవాళ్లకు కనిపించదు. చాలా ఫ్యాక్టర్లు మడత విప్పి ఉన్న చోటే కూర్చోగలవు. మడతలో ఉన్నదాన్ని పట్టుకుని, విప్పే యంత్రాంగాన్ని పిలుచుకురాగల ఫ్యాక్టర్లు కొన్నే. వాటిని పయనీర్లు అంటారు. కణం పుట్టి పెరిగే దశలో ఏ పయనీర్లు ఎంత మోతాదులో పనిచేశాయో, ఆ కణానికి జీవితాంతం ఆ గుర్తులు ఉంటాయి.

మాక్రోఫేజ్‌కూ బి కణానికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. పీయూ.1 అనే ఫ్యాక్టర్ రెండిట్లోనూ ఉంటుంది. మూలకణంలో పీయూ.1 ఎక్కువగా ఉంటే అది మాక్రోఫేజ్ వైపు, తక్కువగా ఉంటే బి కణం వైపు నడుస్తుందని డీకాటర్, హరీందర్ సింగ్ 2000లో చూపించారు. అదే ప్రోటీన్, మోతాదు మారితే దారి మారింది. ఆ తరవాత 2010లో శాన్‌డియాగోలోని క్రిస్ గ్లాస్ బృందం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. మాక్రోఫేజ్‌లో పీయూ.1, సి/ఈబీపీ, ఏపీ-1 అనే ఫ్యాక్టర్లతో కలిసి ఒక జాబితా తలుపులు తెరుస్తుంది. బి కణంలో ఈ2ఏ, ఈబీఎఫ్ అనే వేరే ఫ్యాక్టర్లతో కలిసి వేరే జాబితా తెరుస్తుంది. తరవాత ఏ బ్యాక్టీరియానో తగిలి ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి పరుగెత్తి వచ్చినప్పుడు, ఎక్కువ భాగం అలా ముందే తెరిచి ఉన్న చోట్లకే వెళ్తుంది. మీ మొదటి ప్రశ్నకు జవాబులో సగం ఇదే.

బి కణం తన గుర్తింపును కాపాడుకోవాలంటే తలుపులు తెరవడం ఒక్కటే చాలదు, కొన్నిటిని మూసి కూడా ఉంచాలి. ఆ పని ప్యాక్స్5 అనే ఫ్యాక్టర్‌ది. 1999లో వియన్నాలో బుస్లింగర్ బృందం ఎలుకల్లో ఈ ఒక్క జన్యువును తీసేసి చూసింది. బి కణం కావలసిన పిల్ల కణాలు తగిన వాతావరణం దొరికేసరికి టి కణాలుగా, మాక్రోఫేజ్‌లుగా మారిపోయాయి. ఎమ్మెస్సీలో ఉండగా ఆ పేపరు మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కణం ఒకసారి ఒకటిగా తయారైతే అంతే అనుకునేదాన్ని. తయారైనదాన్ని అలాగే నిలబెట్టడానికి కూడా రోజూ ఎవరో కాపలా కాయాలని అప్పుడు తెలిసింది.

ఇక ఎన్‌ఎఫ్-కప్పా-బి. 1986లో అమెరికాలోని ఎంఐటీలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని కనిపెట్టారు. బి కణాల్లో కప్పా అనే యాంటీబాడీ గొలుసు జన్యువుకు ఎన్‌హాన్సర్ ఒకటి ఉంది. ఎన్‌హాన్సర్ అంటే జన్యువుకు కొంత దూరంలో ఉండి దాన్ని ఎక్కువగా పలికించే డీఎన్‌ఏ ముక్క. దాన్ని పట్టుకునే కేంద్రక ప్రోటీన్ కాబట్టి ఆ పేరు పెట్టారు. పేరు చూసి ఇది బి కణాల సొత్తు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అదే ఏడాది వాళ్లే వేరే కణాలను రెచ్చగొట్టి చూస్తే వాటిలోనూ ఇది బయటపడింది. కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేసినా బయటపడింది. అంటే అది అప్పటికే కణంలో ఎక్కడో కట్టేసి ఉంది, విడిపించడమే తరువాయి.

కట్టేసి ఉంచేది ఐ-కప్పా-బి. మాక్రోఫేజ్ మీద బ్యాక్టీరియా గోడ ముక్క పడిందంటే ఐకేకే అనే ఎంజైమ్ ఐ-కప్పా-బి మీద ఫాస్ఫేటు గుర్తులు వేస్తుంది. గుర్తు పడినదాన్ని కణం తన చెత్త యంత్రంలో, అంటే ప్రోటియజోమ్‌లో, నలిపేస్తుంది. కట్టు తెగిన ఎన్‌ఎఫ్-కప్పా-బి లోపలికి వెళ్తుంది.

దీన్ని కళ్లారా చూడాలి. మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చేయించేది ఈ ప్రయోగమే. మాక్రోఫేజ్‌లను గాజు పలక మీద పెంచి, ఎన్‌ఎఫ్-కప్పా-బిలోని పీ65 భాగానికి ఆకుపచ్చ రంగు యాంటీబాడీ అంటించి మైక్రోస్కోపులో చూస్తాం. రెచ్చగొట్టక ముందు ప్రతి కణమూ గారెలా ఉంటుంది. చుట్టూ ఆకుపచ్చ, నడుమ కేంద్రకం ఉన్నచోట నల్లటి చిల్లు. బ్యాక్టీరియా ముక్క వేసి అరగంట ఆగి ఇంకో పలక చూస్తే చిల్లు మాయమై, సరిగ్గా ఆ నడుమే వెలుగుతూ, చుట్టూ మసకబారి ఉంటుంది. చూసిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ కళ్లు ఐపీసు నుంచి తీసి నా వైపు చూస్తారు. నిన్నటిదాకా పుస్తకంలో బాణం గుర్తుగా ఉన్నది ఇవాళ కళ్లముందు నడిచి వెళ్లిందని ఆ చూపుకు అర్థం.

లోపలికి వెళ్లినదాన్ని బయటికి లాగేది కూడా ఐ-కప్పా-బినే. ఎన్‌ఎఫ్-కప్పా-బి వెళ్లగానే పలికించే తొలి జన్యువుల్లో ఐ-కప్పా-బి-ఆల్ఫా జన్యువు ఒకటి. కొత్తగా తయారైన ఐ-కప్పా-బి కేంద్రకంలోకి వచ్చి దాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. రెచ్చగొట్టేది ఇంకా బయటే ఉంటే మళ్లీ కట్టు తెగుతుంది, మళ్లీ లోపలికి. టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్) ఇచ్చిన కణాల్లో ఈ రాకపోకలు సుమారు 100 నిమిషాలకు ఒక వరస చొప్పున సాగుతాయి.

‘ఎంతసేపు’ అన్నది అంత ముఖ్యమని నేను అనడానికి కారణం ఇదే. టీఎన్‌ఎఫ్ లాంటి తొందర జన్యువులు ముందే విప్పి సిద్ధంగా ఉంటాయి, అరగంటలో పలికేస్తాయి. ఐఎల్-6, ఐఎల్-12 లాంటి కొన్నిటి దగ్గర న్యూక్లియోజోములను పక్కకు జరపాలి, దానికి గంటలు పడుతుంది. ఫ్యాక్టర్ వచ్చి వెంటనే వెళ్లిపోతే ఆ పని పూర్తికాదు. 2021లో లాస్ ఏంజిలిస్‌లో హాఫ్‌మన్ బృందం మాక్రోఫేజ్‌లలో చూపించింది కూడా అదే: ఎన్‌ఎఫ్-కప్పా-బి ఊగిసలాడితే కొత్త తలుపులు పెద్దగా తెరుచుకోవు, కదలకుండా లోపలే నిలిస్తే న్యూక్లియోజోములు విడిపోయి కొత్త ఎన్‌హాన్సర్లు పుట్టుకొస్తాయి. అదే ఫ్యాక్టర్, అదే కణం. తేడా వచ్చింది కాలంలోనే.

ఇప్పుడు మీ నాన్నగారి మాత్ర దగ్గరికి వద్దాం.

టి కణం తనది కానిదాన్ని గుర్తుపట్టగానే దాని లోపలి గిడ్డంగిలోని కాల్షియం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని స్టిమ్1 అనే ప్రోటీన్ పసిగట్టి, కణం పొరలో ఉన్న ఒరాయ్1 అనే రంధ్రాన్ని తెరుస్తుంది. బయటి కాల్షియం లోపలికి పొంగుతుంది. ఆ కాల్షియంతో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ మేలుకుని, ఎన్‌ఫాట్ ఒంటినిండా ఉన్న ఫాస్ఫేటు గుర్తులను తుడిచేస్తుంది. అప్పుడే ఎన్‌ఫాట్‌కు కేంద్రకంలోకి ప్రవేశం. కాల్షియం తగ్గిందంటే గుర్తులు మళ్లీ పడతాయి, ఎన్‌ఫాట్ నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది. ఒరాయ్1 పాడైన పసిపిల్లలకు టి కణాలు ఉండీ లేనట్టే. అంజనా రావు, స్టెఫాన్ ఫెస్కే 2006లో ఆ జన్యువును గుర్తించింది అలాంటి పిల్లల ద్వారానే.

1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారుచేసే పదార్థమే టాక్రోలిమస్. అది కణంలోకి వెళ్లి ఎఫ్‌కేబీపీ12 అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. ఆ జంట వెళ్లి కాల్సిన్యూరిన్‌కు అడ్డంగా కూర్చుంటుంది. ఇది బయటపడింది 1991లో. గమనించండి, మాత్ర ఎన్‌ఫాట్‌ను ముట్టుకోదు, డీఎన్‌ఏను ముట్టుకోదు. ఎన్‌ఫాట్‌కు గేటు తీసేవాడి చేతులు పట్టుకుంటుంది, అంతే. మీ నాన్నగారి టి కణాలకు ఆ కిడ్నీ పరాయిదని తెలుస్తూనే ఉంటుంది. తెలిసినా టి కణాలను పెరగమని చెప్పే ఐఎల్-2 అనే సైటోకైన్ జన్యువు సరిగా పలకదు. ఐఎల్-2 లేకపోతే టి కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై దండు కట్టలేవు. కాలేయంలో ఆల్బుమిన్ జన్యువుకూ, ఎముక మజ్జలో హిమోగ్లోబిన్ జన్యువులకూ ఎన్‌ఫాట్‌తో పని లేదు. అవి వాటి మానాన పలుకుతూనే ఉంటాయి.

ఎన్‌ఫాట్ ఒక్కటే లోపలికి వస్తే ఐఎల్-2 పలుకుతుందా అంటే అదీ లేదు. ఇది మీ కాలేజీ ల్యాబులో కూడా చేయగల ప్రయోగం, చేయించమని అడగండి. రక్తాన్ని ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన పసుపుపచ్చ ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, ప్లాస్మా కింది అంచున పలచటి మీగడ తరకలా తెల్లటి వలయం కనిపిస్తుంది. టి కణాలు ఆ తరకలో ఉంటాయి. వాటిని మూడు గుంటల్లో పంచండి. ఒకదానికి అయోనోమైసిన్ ఒక్కటే ఇవ్వండి, అది కాల్షియం పొంగించి ఎన్‌ఫాట్‌ను లోపలికి పంపుతుంది. రెండోదానికి పీఎంఏ ఒక్కటే ఇవ్వండి, అది ఏపీ-1ను, ఎన్‌ఎఫ్-కప్పా-బిని లేపుతుంది. మూడోదానికి రెండూ ఇవ్వండి. ఐఎల్-2 ధారగా వచ్చేది మూడో గుంటలోనే. ఐఎల్-2 జన్యువు ముందున్న సుమారు 300 అక్షరాల ముక్క మీద ఎన్‌ఫాట్, ఏపీ-1 పక్కపక్కన, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఆ పట్టు ఎలా ఉంటుందో 1998లో స్ఫటికాల ద్వారా అణువు అణువూ చూశారు కూడా.

మొదటి గుంటను మాత్రం ఊరికే ‘ఏమీ రాలేదు’ అని పారబోయకండి. తోడు లేకుండా లోపలికి వెళ్లిన ఎన్‌ఫాట్ ఖాళీగా కూర్చోదు, టి కణాన్ని మొద్దుబార్చే వేరే జన్యువులను పలికిస్తుంది. ఆ కణానికి తరవాత సరైన సంకేతం ఇచ్చినా మందంగానే ఉంటుంది. దాన్ని అనర్జీ అంటారు, ఇది శక్తి అనే ఎనర్జీ కాదు, స్పందన లేని స్థితి. తోడుంటే యుద్ధం, తోడు లేకపోతే మౌనం. ఇన్నేళ్లయినా ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడు నా గొంతులో ఉత్సాహం తగ్గదు.

మాత్రకు దుష్ఫలితాలు ఎందుకు వస్తాయో కూడా ఇప్పుడు మీకు తెలిసిపోతుంది. కాల్సిన్యూరిన్ టి కణాల్లోనే కాదు, నరాల్లో, కిడ్నీలో, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో కూడా ఉంది. చేతులు వణకడం, కొందరికి మార్పిడి తరవాత షుగర్ రావడం అందుకే. పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం తీసి మందు స్థాయి చూసేది ఈ సన్నని గట్టు మీద నడిపించడానికే. ఇంకో రెండు జాగ్రత్తలు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస లాంటి పండ్లు పేగులో ఈ మందును విరిచే సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను అణచి, రక్తంలో స్థాయి పెంచేస్తాయి. మన ఊళ్లలో పెరట్లో పంపరపనస చెట్టుంటుంది కాబట్టి చెబుతున్నాను. రెండోది, ఎప్పుడైనా టీబీ మందు రిఫాంపిసిన్ మొదలుపెట్టాల్సి వస్తే మార్పిడి డాక్టరుగారికి ఆ రోజే చెప్పాలి. రిఫాంపిసిన్ కాలేయంలో పీఎక్స్‌ఆర్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను లేపుతుంది, అది అదే సీవైపీ3ఏ4 జన్యువును గట్టిగా పలికిస్తుంది, టాక్రోలిమస్ స్థాయి దభీమని పడిపోతుంది. కాలేయంలో ఒక ఫ్యాక్టర్ లేవడం వల్ల టి కణంలో ఇంకో ఫ్యాక్టర్‌కు గేటు తెరుచుకుంటుంది. కిడ్నీ ప్రమాదంలో పడుతుంది.

ఆయన చీటీలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉండవచ్చు. అది పట్టుకునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టరు స్వయంగా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే. మందు తగలగానే కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను నేరుగా పలికిస్తూ, ఎన్‌ఎఫ్-కప్పా-బి, ఏపీ-1ల పనికి అడ్డం పడుతుంది. ఇది దాదాపు ప్రతి కణంలోనూ ఉంది కాబట్టి మంచీ చెడూ రెండూ ఒళ్లంతా కనిపిస్తాయి, ఎముకలు, షుగరు, చర్మం.

సహాయక టి కణాల రకాల గురించి మీ సిలబస్‌లో పెద్ద పట్టిక ఉంటుంది, అది మీరు ఎలాగూ చదువుతారు. టీబీ బ్యాక్టీరియా లాంటివాటికి ఎదురు నిలిచే టీహెచ్1కు టి-బెట్, పురుగులకూ ఎలర్జీకీ సంబంధించిన టీహెచ్2కు గాటా-3, టీహెచ్17కు రోర్-గామా-టి. బయటినుంచి వచ్చిన సైటోకైన్ ఒక స్టాట్ ప్రోటీన్‌ను లేపుతుంది, అది ఈ పెద్ద ఫ్యాక్టర్‌ను పలికిస్తుంది, పెద్ద ఫ్యాక్టర్ తన పక్షం జన్యువులను తెరుస్తూ ఎదుటి పక్షం ఫ్యాక్టర్‌ను తొక్కిపెడుతుంది. ఈ పట్టికలో ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగుతాను, ఫాక్స్‌పీ3. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

ఫాక్స్‌పీ3 రెగ్యులేటరీ టి కణాల ఫ్యాక్టర్. మిగతా టి కణాలు మన ఒంటి మీదే దాడికి దిగకుండా పట్టి ఆపే కణాలవి. 1949లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో ‘స్కర్ఫీ’ అనే ఎలుకలు పుట్టాయి. పొలుసులు రాలే చర్మంతో పుట్టిన ఆ మగ ఎలుకపిల్లలు కొన్ని వారాలకే చనిపోయేవి. కారణమైన జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గుర్తించారు. మనుషుల్లో అదే జన్యువు చెడితే మగపిల్లలకు వచ్చే ఐపెక్స్ అనే జబ్బు కూడా అప్పుడే తేలింది. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల మగపిల్లలకే ఎక్కువ. 1995 నుంచే ఈ ఆపే కణాల మీద పనిచేస్తున్న షిమోన్ సకగూచి, 2003లో ఫాక్స్‌పీ3తో వాటి ముడిని చూపించారు. 2025 నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది. ఆ సాయంత్రం మా ల్యాబులో అందరం మైసూర్‌పాక్ పంచుకున్నాం.

నా సంగతి అంతకు చాలా ముందుది. దాతల రక్తం నుంచి మామూలు టి కణాలు తీసి, పూసలతో రెచ్చగొట్టి, మూడో రోజు ఫాక్స్‌పీ3కి రంగు వేసి చూశాను. సగానికి పైగా కణాలు వెలిగాయి. రెగ్యులేటరీ కణాలను తయారుచేశానని నమ్మి, అదే ఊపులో ఇంకో నాలుగు నెలలు ప్రయోగాలు కట్టాను. చివరికి వాటిని అసలు పరీక్షకు పెట్టాను: రంగు ఎక్కించిన వేరే టి కణాలతో కలిపి, అవి విభజన చెందకుండా ఇవి ఆపుతాయా అని. కణం విడిపోయిన ప్రతిసారీ రంగు సగమవుతుంది. తెర మీద ఒకదాని పక్కన ఒకటి ఐదారు శిఖరాలు వచ్చాయి. అంటే ఎవరూ ఎవర్నీ ఆపలేదు.

మనిషి టి కణాలు రెచ్చిపోయినప్పుడు కొన్ని రోజులపాటు ఫాక్స్‌పీ3ని ఊరికే పలికించి వదిలేస్తాయి. ఎలుకల్లో ఇంత ఎక్కువగా ఉండదు, నేను చదువుకున్నదంతా ఎలుకల మీద. అసలైన రెగ్యులేటరీ కణంలో ఫాక్స్‌పీ3 జన్యువు లోపల టీఎస్‌డీఆర్ అనే ముక్క మీద, డీఎన్‌ఏను మూసి ఉంచే మీథైల్ గుర్తులు ఉండవు, ఆ తలుపు శాశ్వతంగా తెరిచి ఉంటుంది. నా కణాల్లో ఆ గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. ఫ్యాక్టర్ వచ్చింది, తలుపు తెరుచుకోలేదు, నాలుగు రోజుల్లో ఫ్యాక్టర్ వెళ్లిపోయింది. ఇప్పుడు మా దగ్గర ఎవరైనా ఫాక్స్‌పీ3 రంగు ఒక్కటే చూపించి ‘రెగ్యులేటరీ కణాలు’ అంటే ఒప్పుకోను, టీఎస్‌డీఆర్ కూడా చూపించమంటాను. దాత ఆడవాళ్లయితే లెక్క సరిచూసుకోమని కూడా చెబుతాను, వాళ్ల రెండు ఎక్స్‌లలో మూసి ఉన్నదాని మీద మీథైల్ గుర్తులు ఉంటాయి కనుక.

తలుపుల గురించి ఇంత పట్టు ఎందుకని అనుకుంటున్నారేమో. బీసీఎల్11ఏ కథ చూడండి. ఈ ఫ్యాక్టర్ బి కణాలు తయారవడానికి కావాలి. ఎర్రకణాల తల్లి కణాల్లో మాత్రం అది గర్భస్థ హిమోగ్లోబిన్ జన్యువును మూసేస్తుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఆ గర్భస్థ హిమోగ్లోబిన్ తిరిగి వస్తే ప్రాణం నిలబడుతుంది. మన ఏజెన్సీ మన్యంలో ఎన్ని గిరిజన కుటుంబాలు ఈ జబ్బుతో ఉన్నాయో మీకు తెలుసు. బీసీఎల్11ఏను పూర్తిగా తీసేస్తే బి కణాలు పోతాయి. అయితే ఆ జన్యువు లోపల ఎర్రకణాల్లో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్ ఒకటి ఉందని 2013లో బోస్టన్‌లో కనుక్కున్నారు. డీఎన్‌ఏను కావలసిన చోట కోసే క్రిస్పర్ అనే సాధనంతో ఆ చిన్న ముక్కను కోస్తే ఎర్రకణాల్లో బీసీఎల్11ఏ తగ్గుతుంది, బి కణాల్లో తలుపు వేరేది కాబట్టి అక్కడ మామూలుగానే ఉంటుంది. క్యాస్‌జెవీ పేరుతో ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదు మాత్రం కోట్లలో ఉంది. మన్యంలో పిల్లకు అందేంత చవకగా దీన్ని ఎలా చేయాలన్నది మీ తరం చేతిలోకి రావలసిన పని, నేను నిజంగా అలాగే అనుకుంటున్నాను.

మీరు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. తెరిచి ఉన్న డీఎన్‌ఏ చోట్లను మాత్రమే కోసి చదివే అటాక్-సీక్ అనే పద్ధతి 2013లో వచ్చింది. మనిషి టి కణాల మీద దాంతో తీసిన డేటా ఎవరైనా దించుకోవచ్చు. హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద జీనోమ్ బ్రౌజర్ తెరిచి ఐఎల్-2 జన్యువు దగ్గరికి వెళ్లండి. పైన విశ్రాంతిలో ఉన్న టి కణం, దాని కింద రెచ్చగొట్టిన టి కణం, ఆ కింద బి కణం వరసలు పెట్టుకోండి. జన్యువు మొదలయ్యే చోటుకు ముందున్న ఆ 300 అక్షరాల మీద ఏ వరసలో శిఖరం లేస్తుందో, ఏ వరసలో నేల మట్టంగా ఉంటుందో చూడండి. పక్కనే కొన్ని వేల అక్షరాల దూరంలో ఇంకెక్కడైనా శిఖరాలు కనిపిస్తే వాటి స్థానాలు రాసుకుని నాకు పంపండి, అవి ఎవరి తలుపులో కలిసి చూద్దాం. నాన్నగారి ఈ నెల టాక్రోలిమస్ రిపోర్టు వచ్చిందా లేదా అన్నది కూడా అందులోనే ఒక ముక్క రాయండి.